తూర్పు కనుమల నదులు, తీరం: ఉపగ్రహ అధ్యయనం

భీమిలి ఒడ్డున గుప్పెడు ఇసుక తీసి ఎండలో చూస్తే ఊదా కలిసిన ఎర్ర రేణువులు మెరుస్తాయి. అవి గార్నెట్లు. పక్కనే అల వెనక్కి జారినచోట గీత గీసినట్టు నల్ల చారలు కనిపిస్తాయి. అది ఇల్మెనైట్. ఈ రెండూ సముద్రంలో పుట్టినవి కావు. అరకు, అనంతగిరి, పాడేరు కొండల రాయి ఎండకు పగిలి, వానకు అరిగి, గెడ్డల వెంట దిగి, నదుల్లో దొర్లి ఇక్కడికి చేరింది. తీరం కోతకు గురైందన్నా, మేట వేసిందన్నా ఆ కథ సగం కొండ మీదే మొదలవుతుంది. కొండవాలు మట్టి కదలడం, నది దారి మారడం, జలాశయంలో ఒండ్రు ఆగిపోవడం, తీరరేఖ ముందుకో వెనక్కో జరగడం, వీటన్నిటినీ ఏళ్ల తరబడి తీసిన ఉపగ్రహ చిత్రాలతో కొలిచి పోల్చే విద్యే ఇక్కడి విషయం. కొండనూ కడలినీ ఒకే చిత్రంలో చూపగలగడం ఈ విద్యకున్న గొప్ప బలం. కొండల్లోకి వెళ్లేకొద్దీ దాని చూపు మసకబారడం అంతే పెద్ద బలహీనత.

కొండలు, గెడ్డలు

అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. చుట్టూ గాలికొండ, రక్తకొండ, చిత్తంగొంది వంటి కొండలున్నాయి. పాడేరు వైపు కొన్ని శిఖరాలు 1,600 మీటర్లు దాటుతాయి. ఈ కొండల్లో ఎక్కువగా కనిపించే రాయి ఖోండలైట్. ఈ కనుమల్లో నివసించే ఖోండు గిరిజనుల పేరు మీద 1902లో భూగర్భ శాస్త్రజ్ఞుడు టి.ఎల్. వాకర్ దానికా పేరు పెట్టాడు. గార్నెట్, సిల్లిమనైట్ ఈ రాతిలో పుష్కలంగా ఉంటాయి. రాయి మెత్తబడి ఎర్రమట్టి అవుతుంది. కొండనెత్తిన చదునుగా ఉన్నచోట్ల లక్షల ఏళ్ల వానకు కరిగేవన్నీ కరిగిపోగా మిగిలిందే బాక్సైట్. బోడిగా, గడ్డి మాత్రమే పెరిగే ఆ కొండతలలు ఉపగ్రహ చిత్రంలో పచ్చటి అడవి మధ్య గుండు గీసినట్టు తేలిగ్గా దొరికిపోతాయి.

గోదావరి వైపు వాగు అనేదాన్ని ఉత్తరాంధ్ర కొండల్లో గెడ్డ అంటారు. ఈ పీఠభూమి మీద ఒక వాన చినుకు ఎక్కడ పడిందన్నది చాలా పెద్ద ప్రశ్న. అనంతగిరి వాలు మీద పడితే అది గోస్తని నదిలో చేరి, బొర్రా గుహల్లో సున్నపురాయిని కరిగిస్తూ సాగి, తాటిపూడి జలాశయంలో కాసేపు ఆగి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. వంద కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం, అంతే. అదే చినుకు కొన్ని గుట్టలు దాటి పాడేరు పీఠభూమి మీద పడితే మత్స్యగెడ్డ పాలవుతుంది. మాడుగుల కొండల్లో పుట్టిన ఈ గెడ్డ ఉత్తరంగా పోయి జోలాపుట్ జలాశయంలో చేరుతుంది. ఒడిశా సరిహద్దులో మాచ్‌ఖండ్ అనే పేరుతో డుడుమ దగ్గర సుమారు 175 మీటర్ల లోతుకు దూకుతుంది. తర్వాత బలిమెల చేరి, సీలేరుగా పేరు మార్చుకుని, శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరిలో పడుతుంది. అక్కడినుంచి పాపికొండల మీదుగా డెల్టాకు. పక్కపక్క కొండల మీద పడిన రెండు చినుకులు సముద్రాన్ని చేరే చోట్ల మధ్య ఎంత దూరమో చూడండి.

ఈ నీటి విభజన రేఖను ఇదివరకు సర్వే ఆఫ్ ఇండియా పటాల్లోని సమోన్నత రేఖలు చూసి చేత్తో గీసేవారు. 2000 ఫిబ్రవరిలో అమెరికా అంతరిక్ష నౌక ఎండీవర్ పదకొండు రోజుల పాటు రాడార్‌తో భూమి ఎత్తుపల్లాలను కొలిచింది. మనవాళ్లు 2005లో ప్రయోగించిన కార్టోశాట్-1 ఒకే చోటును రెండు కోణాల్లో ఫొటో తీసి ఎత్తును లెక్కగట్టింది. ఈ సమాచారం కంప్యూటర్‌కిస్తే ఏ చినుకు ఏ గెడ్డలోకి పోతుందో, ఏ గెడ్డ పరీవాహక ప్రాంతం ఎంతో అదే గీసి చూపిస్తుంది. ఒక్క చిక్కుంది. అడవి దట్టంగా ఉన్నచోట ఆ రాడార్‌కు తగిలింది నేల కాదు, చెట్ల తల. అందుకే చదును తక్కువగా ఉండే ఇరుకు లోయల్లో కంప్యూటర్ గీసిన గెడ్డ అసలు గెడ్డకు పక్కగా పోవడం మామూలే.

శారద, వరాహ, తాండవ, చంపావతి కూడా ఈ కొండల నుంచే దిగుతాయి. నాగావళి, వంశధార ఒడిశా వైపు తూర్పు కనుమల్లో పుట్టి శ్రీకాకుళం జిల్లాలో సముద్రాన్ని చేరతాయి. వీటిలో ఏదీ గోదావరిలా మహానది కాదు. వానాకాలంలో ఉరకలేస్తూ, ఎండాకాలంలో ఇసుకలో చలమ తవ్వుకుంటే తప్ప నీళ్లివ్వని నదులివి.

ఉపగ్రహాల రాక

మన దేశంలో ఈ విద్య పుట్టుకలో తెలుగునేలకు వాటా ఉంది. 1970ల నడుమ పంటలను ఆకాశం నుంచి గుర్తించే ప్రయోగానికి ఇస్రో, భారత వ్యవసాయ పరిశోధన మండలి కలిసి ఎంచుకున్న రెండు జిల్లాల్లో ఒకటి అనంతపురం, రెండోది పంజాబ్‌లోని పాటియాలా. అప్పటికి వాడింది విమానాలనే. 1974లో జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ సికింద్రాబాద్‌లో ఏర్పడింది. షాద్‌నగర్‌లో ఉపగ్రహ సంకేతాలు అందుకునే కేంద్రం వచ్చింది. ఆ సంస్థే 2008లో ఇస్రోలో భాగమై నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ అయింది. ఎవరైనా ఇంట్లో కూర్చుని తమ ఊరి చిత్రం చూసుకునేలా ‘భువన్’ వెబ్‌సైటును 2009లో తెరిచింది కూడా ఇస్రోయే.

అమెరికా 1972 జులైలో తొలి లాండ్‌శాట్‌ను పంపింది. అప్పటినుంచి ఆ వరస తెగలేదు. మార్పును అధ్యయనం చేసేవాడికి ఇంతకు మించిన ఆస్తి లేదు. 2008లో ఆ పాత చిత్రాలన్నీ ఉచితమయ్యాయి. అంతవరకు చిత్రం ఒక్కింటికి డబ్బు కట్టాల్సి రావడంతో పరిశోధకులు రెండో మూడో కొని, వాటి మధ్య గీత గీసి ‘మార్పు’ అనేవారు. రెండు చిత్రాల మధ్య తేడా మార్పు కావచ్చు, ఒట్టి రుతువు తేడా కావచ్చు. వందల చిత్రాలు చేతికొచ్చాక కానీ ఆ రెంటినీ విడదీయడం కుదరలేదు. భారతదేశపు మొదటి పూర్తిస్థాయి దూరపరిశీలన ఉపగ్రహం ఐఆర్‌ఎస్-1ఎ 1988 మార్చి 17న బైకనూర్ నుంచి లేచింది. తర్వాత రిసోర్స్‌శాట్‌లు, కార్టోశాట్‌లు వచ్చాయి. యూరప్ వారి సెంటినెల్-2 జంట 2015, 2017ల్లో చేరింది. ఇప్పుడు ప్రతి అయిదు రోజులకొకసారి అరకు ఫొటో ఉచితంగా దొరుకుతోంది.

ఎంత వివరంగా? దీనికి మన సెంట్ల లెక్కే సులువు. ఉపగ్రహ చిత్రంలో అతి చిన్న చదరాన్ని పిక్సెల్ అంటారు. దానికి లోపల ఏమున్నా కలిపి ఒకే రంగు. ఐఆర్‌ఎస్-1ఎ మొదటి కెమెరాలో ఒక పిక్సెల్ అంటే నేల మీద 72.5 మీటర్ల చదరం, దాదాపు ఎకరం ముప్పై సెంట్లు. లాండ్‌శాట్ 30 మీటర్ల పిక్సెల్ ఇరవై రెండు సెంట్లు. సెంటినెల్-2లో పది మీటర్ల పిక్సెల్ రెండున్నర సెంట్లు. అరకు లోయలో నాలుగు మీటర్ల వెడల్పున్న ఒక గెడ్డను తీసుకుందాం. రెండున్నర సెంట్ల ఆ చదరంలో గెడ్డ నీరు సగం కూడా ఉండదు. మిగతాది గట్టు మీది గడ్డి, వరి మడి మూల, రెండు బండరాళ్లు, వాలిన చెట్టుకొమ్మ నీడ. ఇవన్నీ కలిసి ఒక్క రంగు అవుతాయి. నీరు కాదు, పొలం కాదు, రాయి కాదు. ఆ చదరాన్ని ‘నీరు’ అనమంటారా, ‘పచ్చిక’ అనమంటారా అని కంప్యూటర్ అడిగితే జవాబు లేదు.

నీరు, నీడ, మంచు

నీటిని పట్టుకునే సూత్రం చిన్నదే. నీరు ఆకుపచ్చ కాంతిని కొంత వెనక్కి పంపుతుంది. కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని దాదాపు మింగేస్తుంది. ఆకులది దీనికి సరిగ్గా తలకిందులు, పరారుణాన్ని గట్టిగా వెనక్కి కొడతాయి. అందువల్ల ఆకుపచ్చ విలువలోంచి పరారుణ విలువ తీసేసి, రెంటి మొత్తంతో భాగిస్తే నీటికి ధన సంఖ్య, నేలకూ చెట్లకూ రుణ సంఖ్య వస్తుంది. మెక్‌ఫీటర్స్ 1996లో చెప్పిన ఈ జలసూచికే ఇప్పటికీ మూలం. ఇళ్లూ కట్టడాలూ నీటిలా కనబడుతున్నాయని 2006లో చైనా శాస్త్రజ్ఞుడు షూ పరారుణంలో ఇంకాస్త దూరపు పట్టీ తీసుకుని దాన్ని సవరించాడు.

మైదానంలో ఈ లెక్క భేషుగ్గా పనిచేస్తుంది. కొండల్లో దీన్ని మోసం చేసేది నీడ. లాండ్‌శాట్ అయినా సెంటినెల్ అయినా మన గడియారంలో ఉదయం పది, పదిన్నర మధ్య పైనుంచి పోతుంది. డిసెంబరులో ఆ వేళ సూర్యుడు ఆగ్నేయంలో ఉంటాడు. నిటారు లోయల్లో వాయవ్యం వైపు తిరిగిన గోడలు నీడలో పడతాయి. నీడలో అన్ని కాంతులూ తక్కువే. అందులోనూ పరారుణం మరీ తక్కువ. సూచిక దాన్ని నీరు అనేస్తుంది. ఎత్తుపల్లాల పటం పక్కన పెట్టుకుని, ఆ రోజు ఆ వేళకు ఎక్కడ నీడ పడుతుందో లెక్కగట్టి తీసేస్తే తప్ప కొండవాలు మీద లేని చెరువులు పుట్టుకొస్తాయి. వరదల్లో దీనికి విరుద్ధం జరుగుతుంది. బురద కలిసిన ఎర్రనీరు పరారుణాన్ని కొంత వెనక్కి పంపుతుంది కనుక ఉన్న నీరే లేనట్టు తేలుతుంది.

ఇంకొకటి మంచు. చలికాలం పొద్దున అరకు లోయలో, లంబసింగిలో మంచు పాలసముద్రంలా పరుచుకుంటుందని పర్యాటకులు పరుగెత్తుకుని వస్తారు. ఆ అందమే ఉపగ్రహానికి అడ్డం. మంచు కరగడం ఆలస్యమైన రోజు లోయ అడుగంతా తెల్లటి ముద్ద. వానాకాలంలో సంగతి చెప్పనక్కర్లేదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా, గెడ్డలు నిజంగా పని చేసే ఆ నాలుగు నెలలూ, మబ్బు లేని చిత్రం దొరకడమే గగనం. అంటే మట్టి ఎక్కువగా కదిలే కాలాన్ని మామూలు కెమెరా చూడలేదు. చూసేది తర్వాత మిగిలిన ఆనవాళ్లను.

మబ్బును దాటి చూడాలంటే రాడార్ కావాలి. రాడార్ తన సంకేతాన్ని తానే పంపి, తిరిగొచ్చినదాన్ని చదువుతుంది. నున్నటి నీటి మీద పడిన సంకేతం పక్కకు జారిపోతుంది కాబట్టి నీరు నల్లగా కనిపిస్తుంది. మన రిశాట్-1 2012లో, ఇఒఎస్-04 2022 ఫిబ్రవరిలో, యూరప్ వారి సెంటినెల్-1 2014లో ఈ పనికి వచ్చాయి. రాడార్ పక్కవాటుగా చూస్తుంది కనుక దానికీ కొండ వెనక నీడ ఉంది. ఎత్తైన శిఖరం రాడార్ వైపు వాలిపోయినట్టు ముడుచుకుని కనిపిస్తుంది. కనుమల్లో రాడార్ చిత్రం చదవడం నేర్చుకోవాలంటే ముందు ఆ కొండల్లో కొన్నాళ్లు కాలినడకన తిరిగినవాడై ఉండాలన్నది ఈ రచయిత నమ్మకం.

పోడు, కాఫీ, వలిసె

నదిలోకి ఎంత మట్టి దిగుతుందో తేల్చేది కొండవాలు మీది ఆచ్ఛాదన. గిరిజనుల పోడులో వేసవిలో పొద నరికి, ఎండబెట్టి, వానలకు ముందు కాల్చి, ఆ బూడిద మీద సామ, చోడి, కంది చల్లుతారు. కొన్నేళ్లు పండించి ఆ చెక్కను వదిలేస్తే అడవి మళ్లీ కమ్ముకుంటుంది. చిత్రాల్లో ఇది ఒక చక్రంలా కనిపిస్తుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో నల్లటి మచ్చలు, ఆగస్టు దాటాక పచ్చదనం, మూడు నాలుగేళ్లకు మళ్లీ పొద. మంటలనైతే రాత్రిపూట కూడా పట్టగల ఉష్ణ సెన్సర్లు అమెరికా ఉపగ్రహాల మీద ఉన్నాయి. ఒక్క సంవత్సరపు చిత్రం చూసి ‘అడవి పోయింది’ అని రాసేయడం ఈ రంగంలో పాత పొరపాటు. ఇరవై ఏళ్ల చిత్రాలు వరసగా పేర్చి చూస్తే కొన్ని చెక్కలు తిరిగి అడవి అయినవి, కొన్ని శాశ్వతంగా మెట్టపొలాలైనవి, కొన్ని కాఫీ తోటలైనవి వేరువేరుగా తేలతాయి.

కాఫీ దగ్గర ఉపగ్రహం బోల్తా పడుతుంది. అరకు, పాడేరు ప్రాంతాల్లో కాఫీని సిల్వర్ ఓక్ నీడలో పెంచుతారు, ఆ చెట్ల బోదెలకు మిరియాల తీగ పాకిస్తారు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా ఇదే. పైనుంచి చూస్తే కనబడేది సిల్వర్ ఓక్ తలలే. కింద కాఫీ ఉందా, తుప్పలున్నాయా తెలియదు. పైగా ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా లెక్కలో ఒక హెక్టారు మించిన చోట పది శాతం పైగా చెట్ల నీడ ఉంటే అది అడవే, ఏ జాతి చెట్టయినా, ఎవరి భూమయినా. కాబట్టి అడవి విస్తీర్ణం పెరిగిందని నివేదిక చెప్పినప్పుడు ఆ పెరుగుదలలో ఎంత సహజమైన అడవి, ఎంత సిల్వర్ ఓక్ అనేది విడిగా అడగాల్సిన ప్రశ్న. మట్టి కోణంలో ఈ తేడా చిన్నది కాదు. రకరకాల ఎత్తుల్లో పొదలూ చెట్లూ ఉన్న అడవి చినుకును అంచెలంచెలుగా ఆపుతుంది, ఒకే ఎత్తు చెట్ల తోటకు ఆ ఒడుపు తక్కువ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటి కొండల మీదికి వెళ్లినప్పుడు సిల్వర్ ఓక్‌లు విరిగిపడి కాఫీ మొక్కలు ఒక్కసారిగా ఎండలో పడ్డాయి. ముందు వెనక చిత్రాలు పోల్చినప్పుడు పచ్చదనపు సూచిక పడిపోవడంలో ఈ దెబ్బ తెలుస్తుంది.

దీనికి భిన్నంగా వలిసె ఏ అబద్ధమూ ఆడదు. శీతాకాలం మొదట్లో లోయలోని వలిసె చేలు పూసినప్పుడు ఆ పసుపు సెంటినెల్ చిత్రంలో కూడా పసుపే. చిన్న కమతాల మధ్య పంటల హద్దు గీయడానికి అదే మంచి అదను.

జలాశయాల సంగతి

మాచ్‌ఖండ్ జలవిద్యుత్ పథకాన్ని ఆంధ్ర, ఒడిశా కలిసి కట్టాయి. 120 మెగావాట్ల ఆ కేంద్రం 1955లో మొదలైంది. దానికి నీరు నిల్వ చేసేది జోలాపుట్. ఉపగ్రహాలు రాకముందే ఆ లోయ మునిగిపోయింది కాబట్టి మునగక ముందు మత్స్యగెడ్డ ఎలా ఒంపులు తిరిగేదో పాత సర్వే పటాల్లో చూడాల్సిందే. దిగువన బలిమెల 1970ల్లో కట్టింది. ఆ కాలానికి లాండ్‌శాట్ పైన తిరుగుతోంది. పాత చిత్రాన్ని, నిండిన తర్వాతి చిత్రాన్ని పక్కపక్కన పెడితే కొండల మధ్య చేతివేళ్లలా నీరు ఎలా చొరబడిందో కనిపిస్తుంది. ఆ వేళ్ల మధ్య చిక్కుకుని 151 గిరిజన గ్రామాలకు మిగతా లోకంతో దారి తెగింది. గురుప్రియ వంతెన 2018 జులైలో తెరిచేదాకా పడవే దిక్కు. చిత్రంలో అందమైన నీలిముక్కలా కనిపించేది నేల మీద ఏమిటో మరచిపోకూడదు.

జలాశయం ఎంత పూడిందో కూడా ఉపగ్రహంతో అంచనా వేస్తారు. ఉపాయం సులువైనది. నీటిమట్టం ప్రతిరోజూ డ్యాం దగ్గర రాసుకుంటారు. ఆ రోజు నీరు ఎంత మేర పరుచుకుందో ఉపగ్రహం చెబుతుంది. నిండు నుంచి అడుగంటేదాకా ఒక్కో మట్టానికి ఒక్కో విస్తీర్ణం కట్టి, కట్టినప్పటి పట్టికతో పోలిస్తే ఏ మట్టంలో ఎంత ఒండ్రు చేరిందో తెలుస్తుంది. అడుగున ఎప్పుడూ నీటిలోనే ఉండే భాగం గురించి మాత్రం ఇది ఏమీ చెప్పదు. అక్కడికి పడవ, లోతు కొలిచే యంత్రం కావాలి.

ప్రపంచం మొత్తం మీద 1984 నుంచి 2015 దాకా లాండ్‌శాట్ చిత్రాలన్నీ తిరగేసిన యూరప్ బృందం ఒకటి 2016లో లెక్క తేల్చింది. దాదాపు 90 వేల చదరపు కిలోమీటర్ల శాశ్వత జలం మాయమైంది, 1,84,000 చదరపు కిలోమీటర్ల కొత్త జలం పుట్టింది. కొత్తగా పుట్టినదాంట్లో ఎక్కువ భాగం జలాశయాలు. తూర్పు కనుమల్లో ఆ పటం తెరిస్తే జోలాపుట్, బలిమెల, డొంకరాయి, తాటిపూడి, రైవాడ నీలంగా మెరుస్తాయి. వాటిని నింపే గెడ్డలు మాత్రం ఆ పటంలో లేవు. ముప్పై మీటర్ల పిక్సెల్‌కు అవి అందవు మరి.

శబరి ఎగదన్నినప్పుడు

సీలేరు నీటిని మోసుకొచ్చే శబరికి కూనవరం దగ్గర ఒక కష్టం ఉంది. గోదావరి నిండుగా ఉన్నప్పుడు శబరి నీరు పోయే దారి లేక ఎగదన్నుతుంది. చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం మండలాలు మునుగుతాయి. 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986లో 75.6 అడుగులు. నడుమ ముప్పై ఆరేళ్లు. 1986 వరదకు మబ్బును దాటి చూసే ఉపగ్రహం మనకు లేదు. 2022 వరదకు ఉంది. నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ రాడార్ చిత్రాల నుంచి ముంపు పటాలు తీసి జిల్లా యంత్రాంగాలకు ఇవ్వడం ఇప్పుడు రివాజు. పైగా ఆ మండలాలు పోలవరం ప్రాజెక్టు ముంపు పరిధిలోవి, కాబట్టి వరద ముంపు ఎంత, జలాశయపు ముంపు ఎంత అన్న తగవుల్లో కూడా ఈ పటాలు అక్కరకొస్తాయి.

తీరం

ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య కె. నాగేశ్వరరావు బృందం కృష్ణా, గోదావరి డెల్టాల తీరాన్ని 1965 నుంచి 2008 దాకా పోల్చి 2010లో ఒక పరిశోధన పత్రం ప్రచురించింది. జంట డెల్టాల 336 కిలోమీటర్ల తీరంలో నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేల కడలిపాలైంది. 1965-1990 మధ్య ఏటా 1.39 చదరపు కిలోమీటర్ల చొప్పున పోతే, తర్వాతి దశాబ్దంలో అది 2.32కు ఎగబాకింది. కారణం కోసం వాళ్లు సముద్రం వైపు కాక నది వైపు చూశారు. గోదావరిలో నీటి ప్రవాహం పెద్దగా తగ్గలేదు. నీటిలో తేలివచ్చే ఒండ్రు మాత్రం 1970-79లో ఏడాదికి 15 కోట్ల టన్నులుండేది, 2000-2006 నాటికి 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. కృష్ణ సంగతి మరీ దారుణం. 90 లక్షల టన్నుల నుంచి 4 లక్షల టన్నులకు దిగజారింది. నది తెచ్చేది తగ్గితే సముద్రం తీసుకుపోయేది పెరుగుతుంది. ఎగువన కట్టిన ప్రతి డ్యాం ఈ లెక్కలో ఒక పద్దు. బలిమెల, డొంకరాయి కూడా అందులో ఉన్నవే, అయితే గోదావరి మహా పరీవాహకంలో శబరిది ఒక వాటా మాత్రమే కనుక తప్పంతా కనుమల డ్యాంల మీద వేయడం కుదరదు.

ఇక్కడ తేలిగ్గా పొరబడే ఒక విషయం ఉంది. కోత వార్తలు చదివీ చదివీ ఆంధ్ర తీరమంతా కొట్టుకుపోతోందనుకుంటాం. జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990-2018 చిత్రాలతో కొలిచినప్పుడు రాష్ట్రంలోని 1,027 కిలోమీటర్ల తీరంలో 28.7 శాతం కోతకు గురైతే, 49.6 శాతం మేట వేసింది. మిగిలింది నిలకడగా ఉంది. దేశం మొత్తం మీద కోత 33.6 శాతం, మేట 26.9 శాతం. ఉప్పాడలో ఇల్లు కూలినవాడికి ఈ సగటు ఏ ఊరటా ఇవ్వదనుకోండి. కాకినాడకు ఎదురుగా ఇసుక తిన్నె ఉత్తరంగా పెరుగుతూ వస్తే, దానికి అవతల ఉప్పాడ అరుగుతూ వస్తోంది. ఈ రెంటికీ లంకె ఉందని పలువురు పరిశోధకులు భావిస్తారు. మన తీరం వెంట నైరుతి రుతుపవన కాలంలో ఇసుక ఉత్తరంగా, చలికాలంలో దక్షిణంగా నడుస్తుంది. మొత్తం మీద ఉత్తరపు నడకదే పైచేయి. దారిలో తిన్నె గానీ కట్టడం గానీ అడ్డొస్తే ఒక వైపు మేట, రెండో వైపు కోత తప్పదు. విశాఖలో ఔటర్ హార్బర్ గోడలు కట్టినప్పటినుంచి ఆర్‌కే బీచ్ కోతకు గురవుతూనే ఉంది, అక్కడికి పూడికతీత ఇసుక తెచ్చి పోస్తూనే ఉన్నారు.

తీరరేఖను చిత్రంలో గీయడం చూసేందుకు సులువు, చేసేందుకు చిక్కు. విశాఖ దగ్గర పెద్ద పోటుకూ పాటుకూ తేడా దాదాపు మీటరున్నర. ఒడ్డు వాలు ఇరవైకి ఒకటి అనుకుంటే ఆ మీటరున్నరకు నీటి అంచు 30 మీటర్లు వెనక్కో ముందుకో పోతుంది. అంటే లాండ్‌శాట్ పిక్సెల్ ఒకటి. పోటువేళ చిత్రాన్ని పాటువేళ చిత్రంతో పోల్చి ముప్పై మీటర్ల కోత పడిందని ప్రకటిస్తే అది ఒట్టి పోటే కావచ్చు. జాగ్రత్తపరులు పోటుల పట్టిక చూసి సరిచేస్తారు, లేదా ఏడాది చిత్రాలన్నీ కలిపి సగటు గీత తీస్తారు. భీమిలి వంటి చోట నల్ల ఇసుక మరో తలనొప్పి. తడిసిన ఇల్మెనైట్ చార చిత్రంలో నీటి అంచును పోలి ఉంటుంది.

చిన్న నదుల మొగలు ఇంకా చపలమైనవి. గోస్తని, చంపావతి లాంటి వాటి మొగ వేసవిలో ఇసుక తిన్నెతో ఇరుకవుతుంది, ఒక్కోసారి పూర్తిగా మూసుకుపోతుంది. వానాకాలపు తొలి పెద్ద వరద దాన్ని తెంచి కొత్తచోట తెరుస్తుంది. మొగ పూడిందంటే మత్స్యకారుల పడవలు లోపలికి రాలేవు, ఎగువ పొలాల నీరు బయటికి పోలేదు. వారం వారం వచ్చే సెంటినెల్ చిత్రాలు ఇలాంటి చిన్న సంగతులకే బాగా పనికొస్తున్నాయి.

భీమిలికి దగ్గర్లోని ఎర్రమట్టి దిబ్బలు కొండకూ కడలికీ మధ్య నిలిచిపోయిన మట్టి. ఖోండలైట్ మట్టి తీరానికి చేరి, గత మంచుయుగంలో సముద్రం వెనక్కి పోయిన కాలంలో గాలితోనూ వాన ప్రవాహాలతోనూ కుప్పలు పడి ఎర్రగా గట్టిపడిందని సాధారణంగా చెబుతారు. వానకు కోసుకుపోయి లోతైన సన్నటి లోయలు ఏర్పడ్డాయి. యునెస్కో తాత్కాలిక జాబితాలోకి భారత్ 2025లో ఈ దిబ్బల పేరు పంపింది. ఇక్కడి ఎర్రదనం ఇనుప ఆక్సైడుది. నీలి కాంతిని మింగి ఎరుపును వెనక్కి కొట్టే ఆ గుణంతోనే ఉపగ్రహం పక్కనున్న కట్టడాల, కొత్త రోడ్ల చొరబాటును ఏటికేడు వేరుచేసి చూపగలుగుతుంది. అయితే కోత లోయలు మీటరో రెండు మీటర్లో వెడల్పుండే చోట డ్రోనే దిక్కు.

కొత్త కళ్లు

2022 డిసెంబరు 16న లేచిన స్వాట్ అనే అమెరికా, ఫ్రాన్స్ ఉపగ్రహం నీటి విస్తీర్ణాన్నే కాక నీటి ఎత్తును కూడా కొలుస్తుంది. దాని లక్ష్యం 100 మీటర్లకు మించిన వెడల్పున్న నదులు. గోదావరి దానికి సులువే, శబరి కొన్నిచోట్ల అందుతుంది. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్16 మోసుకెళ్లిన నిసార్ మరో రకం. నాసా చేసిన ఎల్-బ్యాండ్, ఇస్రో చేసిన ఎస్-బ్యాండ్ రాడార్లు రెండూ అందులో ఉన్నాయి. పన్నెండు రోజులకొకసారి అదే చోటికి వస్తుంది. ఎల్-బ్యాండ్ తరంగం పొడవు దాదాపు జానెడు. అది ఆకుల్లోంచి దూరి కొమ్మలదాకా, కొంత నేలదాకా పోతుంది. సిల్వర్ ఓక్ తోటనూ సహజమైన అడవినీ విడదీయడానికి, కొండవాలు మెల్లగా జారుతుంటే సెంటీమీటర్లలో పసిగట్టడానికి ఇది దారి చూపుతుందన్నది ఆశ. కొత్తవలస-కిరండూల్ రైలుమార్గం సొరంగాల మధ్య కొండచరియలు విరిగిపడుతూ ఉండే ఈ కనుమల్లో ఆ ఆశకు విలువుంది.

ఇంత పెద్ద కళ్లున్నా గెడ్డ గురించి తెలుసుకునే పద్ధతి పెద్దగా మారలేదు. కల్వర్టు గోడ మీద అడుగులు రాసి, రాత్రి వాన కురిసిన మర్నాడు నీరు ఎంతదాకా వచ్చిందో బురద గీత చూసి చెప్పేది ఊరివాళ్లే. హుకుంపేట మండలం మత్స్యగుండంలో చేపలను పట్టరాదన్న కట్టుబాటు ఉంది. అక్కడ మత్స్యగెడ్డ నీరు ఏ ఏడు ఎప్పుడు ఎర్రబడిందో, ఎన్నాళ్లకు తేటపడిందో, చేపలు ఎప్పుడు పైకి తేలాయో చెప్పగలిగిన పెద్దవాళ్లుంటారు. ఆ ఎర్రనీరు ఎగువ పోడు చెక్కల మట్టిదా, కొత్తగా వేసిన రోడ్డు గట్టుదా అన్నది చిత్రం తీసుకుని వాళ్ల దగ్గరికి వెళ్లి కూర్చున్నప్పుడే తేలుతుంది.